గోల్ఫ్‌లో ఆట మెరుగవుతున్న కొద్దీ చిరాకు ఎందుకు పెరుగుతుంది, దాన్ని ఎలా దారిలో పెట్టుకోవాలి

గోల్ఫ్ కొత్తగా మొదలుపెట్టినవాళ్ళకి పెద్దగా కోపం రాదు, బంతి గాల్లోకి లేస్తే చాలు, వాళ్ళకి ఆ రోజు పండగే. కోపం వచ్చేది రెండో దశలో. ఒకసారి వందలోపు స్కోరు వచ్చాక (గోల్ఫ్‌లో దెబ్బలు ఎంత తక్కువైతే అంత మంచిది), ఒకటి రెండు డ్రైవ్‌లు (హోల్ మొదట్లో కొట్టే దూరపు షాట్లు) తిన్నగా 240 గజాలు పోయాక, మధ్యలో ఎక్కడో ఒక బర్డీ (పార్, అంటే ఆ హోల్‌కి నిర్ణయించిన దెబ్బల కంటే ఒకటి తక్కువ) పడ్డాక, "ఇక మనకి వచ్చేసినట్టే" అనిపిస్తుంది చూడండి, అక్కడి నుంచి ప్రతి చెడ్డ షాటూ మనకి జరిగిన అన్యాయంలా కనిపించడం మొదలవుతుంది. హ్యాండిక్యాప్ (పార్ కంటే సుమారు ఎన్ని దెబ్బలు ఎక్కువ ఆడతారో చెప్పే అంకె) 30 నుంచి 15 వైపు దిగుతున్నవాళ్ళే ఎక్కువగా చేతిలోని క్లబ్ నేలకేసి కొట్టడం, "నెల రోజులు ఆట బంద్" అని వెళ్ళిపోవడం చూస్తుంటాను. వాళ్ళ ఆటేమీ పాడవలేదు, ఆట కంటే ఆశ వేగంగా పెరిగింది.

ఈ మార్గదర్శి వాళ్ళ కోసం. స్వింగ్ గురించి ఇందులో ఏమీ ఉండదు, అది మీ కోచ్ చూసుకుంటారు. కింద చెప్పినవి వరుసగా చేయండి. ముందు లెక్కలు సరిచేసుకోకుండా నేరుగా కోపం తగ్గించుకునే చిట్కాల మీద పడితే రెండు రౌండ్లకే వదిలేస్తారు, ఎందుకంటే లోపల ఆశ తప్పుగా ఉన్నంతకాలం పైన ఎంత ఊపిరి పీల్చి వదిలినా కోపం వస్తూనే ఉంటుంది.

1. మీ హ్యాండిక్యాప్ నిజంగా ఏం చెబుతోందో చూడండి

2020లో మొదలైన వరల్డ్ హ్యాండిక్యాప్ సిస్టం మీ చివరి 20 రౌండ్లు తీసుకుని, అందులో బాగా ఆడిన 8 రౌండ్ల సగటునే లెక్కలోకి తీసుకుంటుంది. మిగతా 12 రౌండ్ల ఊసు ఆ అంకెలో ఉండదు. చాలామందికి ఈ సంగతి తెలుసు, కానీ దాని పర్యవసానం గురించి ఆలోచించరు.

ఒక ఊహించిన ఉదాహరణ తీసుకుందాం. కోర్స్ రేటింగ్ (బాగా ఆడేవాళ్ళకి ఆ కోర్సులో పట్టే దెబ్బలు) 72, స్లోప్ (కోర్సు కష్టాన్ని చెప్పే అంకె) మామూలు 113 ఉన్న చోట ఒకాయన 20 రౌండ్లు ఆడాడు. వాటిలో మంచి 8 స్కోర్లు 89, 90, 91, 91, 92, 93, 93, 94. మిగతా పన్నెండూ 95కీ 104కీ మధ్య ఉన్నాయి. ఆ ఎనిమిదింటి సగటు 91.6, అందులోంచి 72 తీసేస్తే హ్యాండిక్యాప్ ఇండెక్స్ 19.6, సుమారుగా 20. ఇప్పుడు ఈయన మొదటి టీ (హోల్ మొదలయ్యే చోటు) మీద నిలబడి "నా హ్యాండిక్యాప్ 20, కాబట్టి ఇవాళ 92 రావాలి" అనుకుంటాడు. తీరా ఆయన సొంత రికార్డులోనే 92 గానీ అంతకంటే తక్కువ గానీ వచ్చింది ఇరవైలో ఐదుసార్లు. అంటే నాలుగు ఆదివారాలు ఆడితే మూడు ఆదివారాలు నిరాశతో ఇంటికి వెళ్ళాలని ఆయన ముందే నిర్ణయించుకున్నట్టు.

చేయాల్సిన పని చిన్నది. మీ చివరి 20 స్కోర్లు ఒక కాగితం మీద రాయండి, అన్నిటి సగటు చూడండి, పైదీ కిందదీ గుర్తుపెట్టుకోండి. మీ ఆట ఆ రెండింటి మధ్య ఉన్న మొత్తం జాగా. 101 వచ్చిన రోజు కూడా ఆ జాగాలోదే, అది ప్రమాదం కాదు.

ఇంకో ఊరట కూడా ఇదే పద్ధతిలో ఉంది. హ్యాండిక్యాప్ లెక్క కోసం ఒక హోల్‌లో మీ స్కోరుకి ఒక హద్దు ఉంటుంది: పార్‌కి రెండు కలిపి, ఆ హోల్‌లో హ్యాండిక్యాప్ ప్రకారం మీకు అదనంగా వచ్చే స్ట్రోకు (దెబ్బ) కూడా కలిపితే ఎంతో అంత. మీకు ఒక స్ట్రోకు వచ్చే పార్ 4 అయితే అది 7. మీరు అక్కడ 10 కొట్టినా లెక్కలోకి పోయేది 7. ఒక్క హోల్ పాడైందని రౌండంతా పాడైందనుకోవడానికి ఈ పద్ధతే ఒప్పుకోదు.

2. టీవీలో చూసినదాన్ని కొలబద్ద చేసుకోకండి

టీవీ వాళ్ళు చూపించేది ఆ వారం బాగా ఆడుతున్న పదిమందిని, వాళ్ళ షాట్లలోనూ బాగా పడినవాటిని. కట్ (పోటీ మధ్యలో వెనకబడినవాళ్ళని తీసేసే గీత) తప్పిపోయి శుక్రవారం సాయంత్రం సూట్‌కేసు సర్దుకున్నవాళ్ళు కనబడరు. అందుకే మనకి ప్రొఫెషనల్స్ అంటే ప్రతి ఐరన్ షాటూ జెండా పక్కన పడేస్తారనే అభిప్రాయం ఏర్పడిపోయింది.

నిజం ఇది. పీజీఏ టూర్ (అమెరికాలోని పెద్ద ప్రొఫెషనల్ పోటీల వరుస) ఆటగాళ్ళు 8 అడుగుల పట్‌లలో (గ్రీన్ మీద బంతిని హోల్ వైపు దొర్లించే దెబ్బలు) సుమారు సగం మిస్ చేస్తారు. 20 అడుగుల నుంచి అయితే వందకి దాదాపు 15 మాత్రమే పడతాయి. 18 గ్రీన్‌లలో (హోల్ చుట్టూ ఉండే నున్నటి గడ్డి) సగటున 12 వరకే అనుకున్న స్ట్రోకుల్లో చేరుకుంటారు. ఫెయిర్‌వేలో (టీ నుంచి గ్రీన్ దాకా కత్తిరించిన గడ్డి దారి) 150 గజాల దగ్గర నిలబడి కొట్టినా బంతి సగటున హోల్‌కి 20 అడుగుల పైమాటే దూరంలో ఆగుతుంది. ఇది రోజంతా ఇదే పని చేసేవాళ్ళ సంగతి. 2018 మాస్టర్స్ టోర్నమెంట్‌లో అంతకు ముందు ఏడాది విజేత అయిన సెర్జియో గార్సియా 15వ హోల్‌లో ఐదు బంతులు నీళ్ళలో వేసి 13 కొట్టాడు.

వారానికి ఒకసారి ఆడే మనిషి ఆరడుగుల పట్ తప్పిందని ఆకాశం వైపు చూడటంలో అర్థం లేదు. కాబట్టి మీకు మీరే ఒక కొత్త కొలత రాసుకోండి. 150 గజాల నుంచి బంతి గ్రీన్ మీదో, గ్రీన్ పక్కన తేలిగ్గా చిప్ చేయగలిగే (చిన్న దెబ్బతో గ్రీన్ మీదికి లేపగలిగే) చోటో ఉంటే అది మంచి షాట్. 30 అడుగుల పట్ రెండు దెబ్బల్లో పూర్తయితే మంచి పటింగ్. డ్రైవ్ తర్వాత రెండో షాట్ గ్రీన్ వైపు కొట్టే వీలుందంటే అది మంచి డ్రైవ్, ఫెయిర్‌వేలో ఉన్నా రఫ్‌లో (పక్కన ఎత్తుగా పెరిగిన గడ్డి) ఉన్నా. ఇవి మూడూ ఫోన్‌లో రాసి పెట్టుకోండి, ఎందుకంటే కోర్సులో కోపంగా ఉన్నప్పుడు ఏది మంచి షాటో మనసు కొత్తగా నిర్వచిస్తుంది, అదీ మనకి వ్యతిరేకంగానే.

3. కార్డు మీద మీ సొంత పార్ రాసుకోండి

కోర్సు హ్యాండిక్యాప్ 20 అయితే ప్రతి హోల్‌కీ ఒక స్ట్రోకు, స్ట్రోక్ ఇండెక్స్ (హోల్స్ కష్టం వరుస, 1 అంటే అన్నిటికంటే కష్టం) 1, 2 ఉన్న హోల్స్‌కి ఇంకొక్కటి వస్తాయి. ఆట మొదలుపెట్టే ముందే పెన్సిల్‌తో ఆ అంకెలు వేసేయండి. 420 గజాల పార్ 4 మీకు పార్ 5. ఇండెక్స్ 1 ఉన్న పార్ 4 మీకు పార్ 6. పార్ 72 కోర్సు అయితే ఇలా అన్నీ కలిపి 92 అవుతుంది.

దీనివల్ల మనసుకి హాయి అనుకుంటారు చాలామంది, అసలు లాభం వేరే ఉంది, ఆడే తీరు మారుతుంది. ఆ 420 గజాల హోల్‌లో మూడు షాట్లలో గ్రీన్ చేరితే చాలు అని ముందే తెలిస్తే, రెండో షాట్‌కి రఫ్‌లోంచి ఫెయిర్‌వే ఉడ్ (బాగా దూరం కొట్టే క్లబ్) తీసి నీళ్ళ మీదుగా కొట్టాలనే కోరిక పుట్టదు. సెవెన్ ఐరన్ తీసి 130 గజాలు ముందుకి పంపుతారు, తర్వాత ఒక వెడ్జ్ (దగ్గర దూరానికి వాడే క్లబ్), రెండు పట్‌లు. అక్కడ మీరు మీ పార్ చేశారు. ఆ హోల్‌లో 8 పడి, దాని బాధతో తర్వాతి రెండు హోల్స్ పోగొట్టుకోవడం తప్పింది. చిరాకు చాలావరకు ఇలా ఒక అత్యాశ షాట్ దగ్గర పుట్టి గొలుసులా సాగుతుంది.

4. మీ క్లబ్‌ల దూరం కాదు, వాటి విస్తీర్ణం తెలుసుకోండి

నా అభిప్రాయంలో ఈ మార్గదర్శి మొత్తానికి ఇదే కీలకం, కాస్త ఓపిగ్గా చేయండి.

రేంజ్‌కి (సాధన చేసే మైదానానికి) వెళ్ళి, బాగా వేడెక్కాక, సెవెన్ ఐరన్‌తో 20 బంతులు కొట్టండి. లాంచ్ మానిటర్ (బంతి దూరం కొలిచే పరికరం) ఉంటే మంచిది, లేకపోతే రేంజ్‌లో దూరాల బోర్డులు చూసి అంచనా వేయండి. షరతు ఒక్కటే: ఏ బంతినీ "అది లెక్కలోకి రాదు" అని తీసెయ్యకూడదు. క్లబ్ ముందు నేలకి తగిలినదీ, బంతి పై భాగాన తగిలి పాక్కుంటూ పోయినదీ, కుడివైపు వంకరపోయినదీ అన్నీ రాయండి. రాసింది చూస్తే చాలామందికి రెండు విషయాలు తెలుస్తాయి. "నా సెవెన్ ఐరన్ 155" అని చెప్పుకునే మనిషికి సగటు 138 ఉంటుంది, ఆ 155 ఇరవైలో ఒకటో రెండో. ఎడమ నుంచి కుడికి చూస్తే బంతులు 40 గజాల వెడల్పున పడి ఉంటాయి, అదే ఆ క్లబ్ విస్తీర్ణం.

ఇప్పుడు కోర్సులో 155 దూరానికి ఆ క్లబ్ తీసి, బంతి ముందున్న బంకర్‌లో (ఇసుక గుంతలో) పడగానే "ఛ, ఏమైంది నాకు ఇవాళ" అంటున్నారే, ఏమీ కాలేదు. మీ మామూలు షాటే అది. క్లబ్ ఎంపిక తప్పు. జెండా కుడి అంచున ఉండి, ఆ పక్కనే నీళ్ళుంటే, 40 గజాల విస్తీర్ణం ఉన్నవాళ్ళు జెండా వైపు చూడనే కూడదు, గ్రీన్ మధ్యలోకో ఇంకా ఎడమకో గురిపెట్టాలి. అప్పుడు బంతి కుడికి జరిగినా బతికే ఉంటుంది. కుడికి స్లైస్ పోవడం మీ సహజమైతే దాన్ని రౌండ్ మధ్యలో సరిచేయాలని చూడకండి, దానికి చోటివ్వండి. గచ్చిబౌలి బౌల్డర్ హిల్స్ లాంటి చోట ఫెయిర్‌వే పక్కన బండరాళ్ళు చూసి టెన్షన్ పడి స్వింగ్ బిగించుకునేవాళ్ళకి ఈ ఒక్క అలవాటు చాలా ఉపయోగపడుతుంది.

డ్రైవర్‌తో, ఒక వెడ్జ్‌తో కూడా ఇదే చేయండి. రేంజ్‌లో మ్యాట్ మీద కొట్టినప్పుడు బంతికి ముందు నేల తగిలినా క్లబ్ జారి బంతిని కొట్టేస్తుంది, కోర్సులో గడ్డి మీద అలా జరగదు. కాబట్టి మ్యాట్ మీద వచ్చిన దూరంలోంచి కొంత తగ్గించుకోండి.

5. రేంజ్‌లో బాగా పడి కోర్సులో పడకపోతే

"రేంజ్‌లో అదరగొట్టాను, ఇక్కడేమైందో అర్థం కావట్లేదు." ప్రతి క్లబ్‌లో ప్రతి వారం వినబడే మాట. అర్థం కాకపోవడానికి ఏమీ లేదు. ఒకే క్లబ్‌తో, ఒకే చోటుకి, వరసగా యాభై బంతులు కొడితే పదో బంతి నుంచి శరీరం ముందు బంతిని చూసి సర్దుకుంటుంది. కోర్సులో ఆ అవకాశం లేదు, ఒక డ్రైవర్ కొట్టాక పది నిమిషాలకి ఒక ఐరన్, ఆ తర్వాత ఒక చిప్. 1979లో షియా, మోర్గన్ అనే పరిశోధకులు చేతి కదలికల మీద చేసిన ప్రయోగంలో ఇదే తేలింది: ఒకే కదలికని వరసగా సాధన చేసినవాళ్ళు సాధనలో బాగా చేశారు, రకరకాల కదలికలు కలిపి సాధన చేసినవాళ్ళు సాధనలో తడబడ్డారు కానీ తర్వాత పరీక్ష పెట్టినప్పుడు వాళ్ళే మెరుగ్గా చేశారు.

మీ బుట్టలో బంతులు సగం స్వింగ్ పనికి వాడండి, మిగతా సగంతో కోర్సు ఆడండి. మీ క్లబ్‌లో మొదటి హోల్ ఊహించుకుని డ్రైవర్, తర్వాత దానికి తగ్గ ఐరన్, తర్వాత వెడ్జ్. ప్రతిసారీ వెనక్కి వెళ్ళి, గురి చూసుకుని, మళ్ళీ నిలబడాలి. షాట్లు అంత అందంగా రావు. ఆ వచ్చినవే మీ నిజమైన ఆటకి దగ్గరగా ఉంటాయి, శనివారం నాడు కోర్సులో వాటినే ఆశించండి.

కోచ్ గ్రిప్పో, బ్యాక్‌స్వింగో మార్చాడంటే ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. కొన్ని వారాలు స్కోరు పెరుగుతుంది, అంటే ఆట దిగజారుతుంది. పాత అలవాటు పోలేదు, కొత్తది రాలేదు, రెండూ కలిసి బంతిని ఎక్కడికో పంపుతాయి. ఆ సమయంలో పోటీలు, పందేలు పెట్టుకోకండి. సాయంత్రం పూట ఒంటరిగా తొమ్మిది హోల్స్, స్కోరు రాయకుండా, ఒకే ఒక్క విషయం చూసుకుంటూ ఆడండి. చాలామంది రెండు వారాలకే "ఇది నాకు సెట్ కావట్లేదు" అని పాత స్వింగ్‌కి పోతారు, మూడు నెలలకి యూట్యూబ్‌లో ఇంకో వీడియో చూసి మరో మార్పు మొదలుపెడతారు. ఏళ్ళ తరబడి అదే హ్యాండిక్యాప్ దగ్గర ఆగిపోయేది ఇలాంటివాళ్ళే.

6. చెడ్డ షాట్ తర్వాత రెండు నిమిషాలు

కోపం రాకూడదని నేను చెప్పను. బాగా ఆడాలని ఉన్నవాళ్ళకే వస్తుంది. దానికి ఒక హద్దు పెట్టుకోండి: క్లబ్ తిరిగి బ్యాగులో పెట్టేదాకా. అప్పటిదాకా తిట్టుకోండి, తల పట్టుకోండి. క్లబ్ బ్యాగులో పడ్డాక ఆ షాట్ గురించి మాట వద్దు. నడిచేటప్పుడు తల పైకెత్తి చెట్ల పై భాగాలు చూస్తూ నడవండి, ముక్కుతో పీల్చిన ఊపిరిని నోటితో రెండింతల సేపు మెల్లగా వదలండి. ఊపిరి బయటికి వదిలేటప్పుడు గుండె వేగం తగ్గుతుంది, అందుకే ఇది పనిచేస్తుంది. నాలుగైదుసార్లు చాలు.

బంతి దగ్గరికి వచ్చాక ఒకే ప్రశ్న వేసుకోండి: "ఇక్కడి నుంచి నేను పదిలో ఎనిమిదిసార్లు చేయగలిగేది ఏమిటి?" చెట్ల మధ్యలో ఉంటే జవాబు దాదాపు ఎప్పుడూ పక్కకి ఫెయిర్‌వేలోకి తోయడమే. కొమ్మల మధ్య కిటికీ కనబడుతుంది, గ్రీన్ కూడా కనబడుతుంది, పోయిన స్ట్రోకు ఇప్పుడే తిరిగి తెచ్చుకోవాలనిపిస్తుంది. ఆ కోరికని అప్పుడే గుర్తుపట్టాలి.

పాతకాలపు అమెరికన్ గోల్ఫర్ బాబీ జోన్స్ కథ ఈ విషయంలో అందరూ తెలుసుకోవాలి. కుర్రతనంలో ఆయనకి విపరీతమైన కోపం. 1921లో సెయింట్ ఆండ్రూస్‌లో బ్రిటిష్ ఓపెన్ ఆడుతూ మూడో రౌండ్ 11వ హోల్ బంకర్‌లో చిక్కుకుని, విసిగిపోయి, బంతి తీసేసి పోటీ నుంచి తప్పుకున్నాడు. తర్వాత జీవితాంతం ఆ పనికి సిగ్గుపడ్డాడు. అదే కోర్సులో 1927లో ఓపెన్ గెలిచాడు, 1930లో ఒకే ఏడాదిలో అప్పటి నాలుగు పెద్ద టోర్నమెంట్లూ గెలిచాడు, అదీ చివరిదాకా అమెచ్యూర్‌గానే ఉంటూ. కోపిష్టి మనిషి మారలేడని ఎవరైనా అంటే ఈయన్ని చూపించండి.

మన తెలుగు కుటుంబంలోంచి వచ్చిన పీజీఏ టూర్ ఆటగాడు సాహిత్ తీగల సంగతి ఇంకా దగ్గరిది. హైదరాబాద్ నుంచి కాలిఫోర్నియా వెళ్ళిన తల్లిదండ్రుల కొడుకు. 2022 ఫిబ్రవరిలో ఫీనిక్స్ ఓపెన్ చివరి రోజు 17వ హోల్‌లో టీ షాట్ నేల మీద పడి ఎడమకి దూకి నీళ్ళలో పోయింది, ఒక్క స్ట్రోకులో ప్లేఆఫ్ తప్పింది. అదే ఏడాది జూన్‌లో ట్రావెలర్స్ ఛాంపియన్‌షిప్‌లో ఒక స్ట్రోకు ఆధిక్యంతో చివరి హోల్‌కి వచ్చి, ఫెయిర్‌వే బంకర్‌లో చిక్కుకుని డబుల్ బోగీ (పార్ కంటే రెండు ఎక్కువ) చేశాడు. ఒకటి దురదృష్టం, రెండోది ఆటలో పొరపాటు. 2023 సెప్టెంబర్‌లో ఫోర్టినెట్ ఛాంపియన్‌షిప్‌తో మొదటి పీజీఏ టూర్ టైటిల్ వచ్చింది. ఆ మధ్యకాలమంతా వారం వారం ఆడుతూనే ఉన్నాడు. మనం ఆదివారం ఒక మూడడుగుల పట్ పోతే మంగళవారం దాకా మోస్తాం.

7. పక్కవాళ్ళు, పందేలు, ఎండ

"అన్నా, తల లేపావ్." "బావా, మోచెయ్యి వంచుతున్నావ్." చెప్పేవాళ్ళది మంచి మనసే, కానీ ఒక రౌండ్‌లో ముగ్గురు మూడు మాటలు చెబితే పదో హోల్‌కి స్వింగ్ ఉండదు. "ఇవాళ కోచ్ చెప్పింది ఒక్కటే చూసుకుంటున్నా, రౌండ్ అయ్యాక చెప్పు" అనండి, ఎవరూ ఏమీ అనుకోరు. ప్రతి షాట్ తర్వాత "సారీ, సారీ" అనడం కూడా మానేయండి. మీ స్కోరు గురించి మిగతా ముగ్గురికీ పట్టింపు లేదు, వాళ్ళకి వాళ్ళ బంతి వెతుక్కోవడమే సరిపోతుంది. వాళ్ళకి కావాల్సింది మీరు త్వరగా ఆడటం. 2019 నుంచి బంతి వెతకడానికి 3 నిమిషాలే, పోయిందనిపిస్తే ప్రొవిజనల్ (ముందు జాగ్రత్తగా ఇంకో బంతి) కొట్టేసి కదలండి.

కేడీ (మీ బ్యాగు మోసి సలహా ఇచ్చే సహాయకుడు) మీద అరవడం మాత్రం ఎంత మాత్రం పనికిరాదు. "సార్, ఎడమకి ఒక కప్పు" అని (అంటే ఒక హోల్ వెడల్పంత ఎడమకి) ఆయన చెప్పిన లైన్ మీద మీరు కొట్టారా లేదా అన్నది మీకు తెలియకపోయినా ఆయనకి తెలుసు, ఊరుకుంటాడు అంతే. పందేలంటారా, ఓడితే ఆ డబ్బు గురించి నడిచేటప్పుడు గుర్తొస్తుందంటే ఆ మొత్తం మీకు ఎక్కువ.

ఎండ గురించి చెప్పకుండా ఉండలేను. పద్దెనిమిది హోల్స్ అంటే నాలుగు గంటల పైమాటే. ఏప్రిల్, మే నెలల్లో హైదరాబాద్‌లో ఆడినా, విశాఖలో ఉక్కపోతలో ఆడినా, టెక్సాస్‌లో ఆగస్టులో ఆడినా, 13వ హోల్‌కి వచ్చే చిరాకులో పెద్ద భాగం దాహం, ఆకలి. ఉదయం మొదటి టీ టైమ్‌లు తీసుకోండి. దాహం వేసేదాకా ఆగకుండా ప్రతి రెండు హోల్స్‌కీ నీళ్ళు, మధ్యలో ఉప్పు వేసిన మజ్జిగో ఓఆర్ఎస్సో, ఆరో హోల్ దగ్గర ఒక అరటిపండు, పన్నెండో హోల్ దగ్గర ఇంకోటి. ఉదయం కాఫీ ఒక్కటే తాగి వచ్చి 14వ హోల్‌లో "నా స్వింగ్ పోయింది" అనేవాళ్ళకి ముందు ఇడ్లీ కావాలి.

8. రౌండ్ అయ్యాక

కార్ పార్కింగ్‌లో విశ్లేషణ వద్దు. ఇంటికెళ్ళి, స్నానం చేసి, తిన్నాక నాలుగు అంకెలు రాయండి: పెనాల్టీ స్ట్రోకులు ఎన్ని, మూడు పట్‌ల గ్రీన్‌లు ఎన్ని, గ్రీన్ పక్క నుంచి కొట్టినా గ్రీన్ ఎక్కని చిప్‌లు ఎన్ని, డబుల్ బోగీ గానీ అంతకంటే ఎక్కువ గానీ వచ్చిన హోల్స్ ఎన్ని. ఇరవై హ్యాండిక్యాప్ దగ్గర ఉన్నవాళ్ళు స్కోరు కంటే ఈ నాలుగు చూసుకుంటే మెరుగుదల ముందుగా కనబడుతుంది. స్కోరు 96 దగ్గరే ఆగిపోయినా పెనాల్టీలు ఆరు నుంచి మూడుకి తగ్గాయంటే ఏదో సరిగ్గా జరుగుతోంది.

"అంతా పటింగ్‌లోనే ఉంది" అనే మాట నమ్మి ఆశలన్నీ పటర్ మీద పెట్టుకోకండి. కొలంబియా యూనివర్సిటీ ప్రొఫెసర్ మార్క్ బ్రోడీ లక్షల షాట్లు విశ్లేషించి చెప్పిందేమిటంటే, మంచి ఆటగాడికీ అంతకంటే తక్కువ ఆటగాడికీ మధ్య స్కోరు తేడాలో దాదాపు మూడింట రెండొంతులు 100 గజాల బయట కొట్టే షాట్లలోనే వస్తుంది. మీ నాలుగు అంకెల్లో పెనాల్టీలు ఎక్కువుంటే కొత్త పటర్ కొనడం దండగ, టీ దగ్గర ఏ క్లబ్ తీస్తున్నారో చూసుకోండి.

చివరిగా, ప్రతి 20 రౌండ్లకి ఒకసారి మొదటి పని మళ్ళీ చేయండి. 30 నుంచి 20కి వచ్చిన వేగంతో 20 నుంచి 10కి రావడం జరగదు, ఎందుకంటే మొదట్లో పోయేవి పెద్ద తప్పులు, నీళ్ళలో పడే బంతులు, గాలిలో ఊపిన క్లబ్‌లు. తర్వాత మిగిలేవి అర స్ట్రోకు, పావు స్ట్రోకు తేడాలు. ఏడాదికి రెండు మూడు స్ట్రోకులు తగ్గితే ఉద్యోగం, పిల్లలు ఉండి వారానికి ఒకసారి ఆడే మనిషికి అది చాలా మంచి ఏడాది. కొత్త సగటు రాసుకుని, పాత కాగితం చింపేసి, 3వ పనిలో చెప్పిన పార్‌లు మళ్ళీ వేసుకుని తర్వాతి శనివారం టీ టైమ్ బుక్ చేసుకోండి.